పిప్పి చెప్పే జబ్బు

చిత్తూరు జిల్లా పూతలపట్టు, ఐరాల, పెనుమూరు పక్క ఊళ్ళలో చెరకు గానుగ మొరాయిస్తే, వచ్చిన మెకానిక్ ముందు యంత్రం దగ్గరికి పోడు. వెనక కుప్పపడిన పిప్పి దగ్గరికి పోతాడు. గుప్పెడు తీసి రెండు చేతులా మెలిపెడతాడు. వేళ్ళ సందుల్లో తడి మెరిసిందా, జబ్బు సగం దొరికినట్టే. స్పానరు సంగతి ఆ తర్వాత.

చూడ్డానికి ఇది మోటు యంత్రమే. పోత ఇనుప చట్రం, మూడు రోలర్లు, కొన్ని పళ్ళ చక్రాలు, ఒక బెల్టు. కానీ మోటారు నిమిషానికి 1440 చుట్లు తిరుగుతుంటే రోలరు పదో పదిహేనో తిరుగుతుంది. వేగమంతా బలంగా మారి ఆ మూడు ఇనుప మొద్దుల మధ్యకు చేరుతుంది. ఆ బలానికి ఎంత సందు వదలాలన్నదే పనితనం. ఇనుప రోలర్ల గానుగకు మన దేశంలో 1870లలో బీహారులోని బీహియాలో థామ్సన్, మిల్న్ అనే దొరలు రూపమిచ్చారు. ఎద్దులు పోయి మోటార్లొచ్చినా సందు పెట్టే పని మాత్రం మనిషి చేతిలోనే ఉంది.

పైన ఒక రోలరు, కింద రెండు. గడ దూరే సందు కాస్త వెడల్పు. బయటికొచ్చేది ఒకటి రెండు మిల్లీమీటర్లు. మొదటిది చితగ్గొడుతుంది, రెండోది పిండుతుంది. కింది రోలర్ల నడుమ వంపు తిరిగిన ఇనుప పలక ఒకటి చితికిన గడను ఇటునుంచి అటు దాటిస్తుంది. బయటికి కనబడదు గానీ చాలా గొడవలకు మూలం అదే. కాస్త దిగితే పిప్పి అక్కడే కుక్కుకుపోతుంది, కాస్త లేస్తే మోటారు మూలుగుతుంది.

పిప్పి అంతటా తడిగా ఉంటే రెండో సందు వదులైంది. ఒక పక్కే తడి ఉంటే రెండు వైపులా సందు బిగించే బోల్టులు సమంగా లేవు, లేదా ఆ పక్క బుష్షు అరిగింది. అందుకే తెలిసినవాడు రోలరు ఎడమ కొస దగ్గరొక గుప్పెడు, కుడి కొస దగ్గరొక గుప్పెడు తీసి పోల్చి చూస్తాడు. కొసలు పొడిగా ఉండి నడుమ మాత్రం తడి తగిలితే బోల్టులకు చెయ్యి కూడా పెట్టడు. ఏళ్ళ తరబడి గడలన్నీ నడుమనే తోసినందుకు రోలరు అక్కడ అరిగిపోయింది. లేత్ దగ్గరికి మోసుకుపోవాల్సిందే. ఈ మూడు తడులనూ వేరుచేసి పోల్చుకునే చేతిని చూస్తే నాకు నాడి పట్టే వైద్యుడు గుర్తొస్తాడు.

తడి ఖరీదు తక్కువేం కాదు. మంచి గానుగ నూరు కిలోల చెరకుకు 60 నుంచి 65 కిలోల రసం ఇస్తుంది. 60 ఇచ్చేది 55కు దిగిందంటే టన్నుకు 50 కిలోల రసం, బెల్లం లెక్కన సుమారు 8 కిలోలు, పిప్పితోపాటు పొయ్యిలోకి పోయినట్టు. పైగా తడి పిప్పి సరిగ్గా మండదు కూడా.

అలాగని బిగించేస్తే? యజమానికి ఎప్పుడూ ఆ ఆశే. సందు మరీ ఇరుకైతే పళ్ళ చక్రం పన్ను ఊడుతుంది. బెల్టు కాలిన వాసన వస్తే చాలామంది బెల్టునే తిట్టుకుంటారు. నిజానికి అది జారబట్టే పళ్ళు మిగులుతున్నాయి. గడ పట్టు దొరక్క జారుతున్నప్పుడు కూడా ముందు చూడాల్సింది రోలరు మీది గాడులను: జిగురు పట్టాయా, నునుపెక్కాయా? జిగురైతే కడిగితే చాలు. నునుపెక్కితే వెల్డింగు బొట్లు పెట్టి గరుకు చేయిస్తారు. ఏం చేసినా మోటారు ఆపాకే. తిరిగే రోలరు పంచె కొసను వదలదు, చేతినీ వదలదు.

రాత్రి గానుగ ఆపాక నీళ్ళతో, ఆపైన సున్నపు నీళ్ళతో కడిగితేగాని పని అయినట్టు కాదు. రోలర్ల మీద మిగిలిన రసం తెల్లారేసరికి పులుస్తుంది, మర్నాటి మొదటి పెనాన్ని పాడుచేస్తుంది. అప్పుడు పాకం గట్టిగా అచ్చు కట్టదు. బెల్లం వండేవాడి మీద పడే నింద చాలాసార్లు గానుగ కడగనివాడిది. సీజన్ అయిపోయాక రోలర్లకు నూనె పూసి కప్పిపెట్టకపోతే పట్టిన తుప్పు వచ్చే ఏడు తొలి పెనాల్లో దిగి బెల్లం రంగు చెడగొడుతుంది. చిత్తూరు మండీలో బెల్లానికి ధర కట్టేటప్పుడు ముందు చూసేది రంగే.