పత్తి బండి పక్కన పడక

"మామా, ఆదిలాబాద్‌ల మంచి హాస్టల్ ఉంటే చెప్పు. ఊరి నడుమల ఉండాలె. నలుగురం దోస్తులం వస్తున్నం. రూమ్ అక్కర్లే, తలా ఒక మంచం దొరికితే చాలు" అని మా చెల్లె కొడుకు హైదరాబాద్ నుంచి ఫోన్ చేశాడు. "బస్టాండ్ దగ్గర లాడ్జిలున్నయ్ రా, దిగు" అన్నాను. "లాడ్జా..." అని వాడు తీసిన దీర్ఘం వారమంతా నా చెవిలోనే ఉంది.

ఈ కాలమ్ చదివేవాళ్లకు నా పాత పాట కొత్తది కాదు. ఏ ఊరు చూడాలన్నా బస్టాండ్ పక్కనే దిగాలి. తెల్లారకముందే కండక్టర్ కేకలతో మెలకువ రావాలి. కిందికి దిగి చాయ్ తాగుతుంటే ఒక బెంచీ మీద మరాఠీ, ఇంకో బెంచీ మీద గోండి, గల్లా దగ్గర ఉర్దూ, పేపర్ చదివే పెద్దమనిషి నోట తెలుగు వినబడాలి. ఆదిలాబాద్‌లో ఇదంతా చాయ్ డబ్బులకే దొరుకుతుంది. జలపాతం పక్కన రిసార్టులో దొరకదు.

రావడం కష్టమేమీ కాదు. హైదరాబాద్ నుంచి 44వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 300 కిలోమీటర్లు. రైలైతే తిరుపతి నుంచి కృష్ణా ఎక్స్‌ప్రెస్ ఇక్కడిదాకా వస్తుంది. తీరిక ఉన్నవాళ్ల బండి అది. ఆ 44వ నంబరు రహదారి పాత ఏడో నంబరు రోడ్డుగా ఉన్న రోజుల్లో లారీలు, బస్సులు ఊరిని పలకరించి పోయేవి. ఇప్పటి నాలుగు వరుసల రోడ్డు ఊరిని పక్కన పెట్టింది. కార్లవాళ్లు నేరెడిగొండ దగ్గరే మలుపు తిరిగి, కుంటాలలో 147 అడుగుల ఎత్తు నుంచి దూకే కడెం వాగుతో సెల్ఫీ దిగి, చీకటి పడకముందే వెనక్కి మళ్లుతారు. జైనథ్ గుడికి మాత్రం రారు. పరమార రాజు జగద్దేవుడి కాలపు శాసనం అక్కడుంది. మాళవ రాజవంశం పేరు పెన్‌గంగకు ఈవల రాతిలో ఎందుకు మిగిలిందో ఆలోచిస్తూ ఆ గుడి అరుగు మీద ఒక పూట కూర్చోవచ్చు.

బస గురించి రాయడం మొదలుపెడితే నా చెయ్యి దానంతటదే ఏనుగుల వీరాస్వామయ్య దగ్గరికి పోతుంది. "మళ్లీ కాశీయాత్రా?" అని విసుక్కునే పాఠకులు నన్ను మన్నించాలి. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పని చేసిన ఆయన 1830 మే 18న పరివారంతో, పల్లకీ బోయీలతో కాశీకి బయల్దేరి, హైదరాబాద్ దాటి, నిర్మల్ మీదుగా మన అడవుల్లోంచే నాగపూర్ దారి పట్టాడు. తిరిగి ఇల్లు చేరేసరికి 1831 సెప్టెంబర్. దారి పొడుగునా తన స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెకు రాసుకొచ్చిందే 1838లో పుస్తకమైంది.

ఆ పుస్తకంలో నన్ను పట్టి కూర్చోబెట్టేది గుళ్లూ గోపురాలూ కాదు, మజిలీలు. ఊరు పెద్దదా చిన్నదా, అంగళ్లున్నాయా, నీళ్ల వసతి ఎట్లా, దిగడానికి చోటుందా, రేపటి దారి రాళ్లదా బురదదా అని ఊరూరికీ లెక్క కడతాడు. వెనక వచ్చేవాడు ఇబ్బంది పడకూడదన్న తపన అది. మా అల్లుడు ఫోన్లో చూసే చుక్కల రేటింగుల్లో ఆ తపన నాకు కనబడదు.

అయితే ఈసారి ఆ పేజీలు తిరగేస్తుంటే మనసు బోయీల మీదికి పోయింది. పగలంతా పల్లకీ మోసిన ఆ భుజాలు వానాకాలం రాత్రి ఎక్కడ వాలాయి? ఇన్నేళ్లుగా లాడ్జిల గొప్ప చెప్పుకుంటూ వచ్చానుగానీ, లాడ్జి మెట్లు ఎక్కనివాళ్ల గురించి ఒక్క వారమూ రాయలేదు.

పత్తి సీజన్‌లో, చలి ముదిరిన ఏ రాత్రయినా మార్కెట్ యార్డు వైపు వెళ్లి చూడండి. రోడ్డు వారగా ట్రాక్టర్లు, వ్యాన్లు, అక్కడక్కడా ఎడ్లబండ్లు బారు తీరి ఉంటాయి. పత్తి మీద టార్పాలిన్, దాని మీద గొంగడి కప్పుకొని రైతు. కొందరు పుల్లలేరి మంటేసుకొని కాళ్లు చాపుకుంటారు. ఒకాయన అర్ధరాత్రి లేచి టార్పాలిన్ అంచులు తడిమి, మంచు దిగిన చోట తువ్వాలతో తుడిచి మళ్లీ పడుకున్నాడు. భారత పత్తి సంస్థ (సీసీఐ) లెక్కలో తేమ 8 శాతం మించకపోతేనే పూర్తి మద్దతు ధర. ఆపైన ఒక్కో శాతానికీ కోత. 12 దాటితే కొనరు. పత్తి అమ్మడానికి యాప్‌లో స్లాట్ దొరికినవాడికైనా పొద్దున తేమ యంత్రం ముందు నిలబడక తప్పదు. ఏడాది కష్టాన్ని ఒక్క రాత్రి మంచు కోసేస్తుందన్న భయమే ఆయనను బండి దగ్గర కట్టేసింది.

ఊరి నడుమ రైతుల కోసం చవకగా ఒక హాస్టల్ కట్టాలని రాసి ఈ వారం ముగిద్దామనుకున్నాను. కానీ కట్టినా ఆ రైతు రాడు. పత్తిని వదిలి ఎక్కడికి వస్తాడు? ఆయనకు బస్టాండ్‌తో పని లేదు. ఆయన ఊరి నడుమ ఆయన బండి ఉన్నచోటే. లాడ్జి బాగుందా, హాస్టల్ బాగుందా అని నేనూ మా అల్లుడూ పడిన పోట్లాట కడుపు నిండినవాళ్ల ముచ్చట. మా అల్లుడికి లాడ్జి చాలు. అది నచ్చకపోతే నా ఇల్లుంది.

కాబట్టి అధికారులకు నా విన్నపం ఇంతే. పర్యాటకుల వసతి మీద ప్రతిపాదనలు తర్వాత రాసుకోండి. ముందు, వచ్చే సీజన్ మొదలయ్యేలోపు, బండ్లు ఆగే చోట బండితో సహా నిలిచే రేకుల కప్పు, ఒక నల్లా, నాలుగు లైట్లు, ఆడవాళ్లకు మరుగుదొడ్లు ఏర్పాటు చేయండి.