వీరకావ్యములందు స్త్రీవాక్కు : పెనెలోపి, మాంచాల, నాగమ్మ

గ్రీకుల వీరకావ్యములను, మన పలనాటి వీరచరిత్రమును కలిపి చదివినవారికి ఒక ప్రశ్న తోచకమానదు. స్త్రీకి శక్తి కలదా లేదా యన్నది కాదా ప్రశ్న, కలదనుట స్పష్టమే. ఆమె వాక్కు ఎచ్చట చెల్లును, ఎచ్చట చెల్లదు అన్నదే విచార్యము.

ఓడిస్సీ ప్రథమసర్గమున టెలిమాకస్ తల్లియైన పెనెలోపిని మగ్గముకడకు పొమ్మని, నలుగురిలో పలుకుట పురుషుల పనియని చెప్పును. ఇలియడ్ ఆరవ సర్గమున హెక్టర్ ఆండ్రోమకితో ఇంచుమించు ఇట్లే పలుకును. అచ్చట పురుషుల పని యుద్ధము. కాని ఆ మగ్గమే పెనెలోపికి ఆయుధమైనది. మామ లేయర్టీసుకొరకు ప్రేతవస్త్రమును పగలు నేసి, రాత్రి విప్పి, మూడేండ్లు వరులను ఏమార్చినది. ఫేయాకుల రాణి అరీటి పురుషుల తగవులను సైతము తీర్చునని ఏడవ సర్గము చెప్పుచున్నది. అయినను ఈ శక్తికి మేర కలదు. ఒడిస్యూస్ తిరిగివచ్చినపిదప పన్నిద్దరు దాసీలను ఉరితీయునపుడు ఆ యింటి యజమానురాలు మేడమీద నిద్రించుచునే యుండెను.

శ్రీనాథకృతమని ప్రసిద్ధమైన పలనాటి వీరచరిత్రమును అక్కిరాజు ఉమాకాంతము 1911లో ప్రకటించిరి. ఆ ద్విపదకావ్యమునందును, వీరవిద్యావంతులు పాడు కథయందును మాంచాల, నాగమ్మ ఎదురెదురుగా నిలిచియున్నారు. శ్యామాంగి మోహమున తన్ను విస్మరించిన బాలచంద్రుడు యుద్ధమునకు ముందు సెలవుగొనవచ్చినపుడు, మాంచాల అతనిని ఆపక, వీరధర్మము బోధించి రణమునకు పంపినది. ఆమె వాక్కు అంతఃపురమున పుట్టి, భర్త ఖడ్గముద్వారా కారెంపూడి చేరినది. కావుననే ఆమె సర్వులకు పూజ్యురాలైనది.

నాగమ్మ వాక్కు గురజాల కొలువున నలగామరాజుచెంతనే పుట్టి, అచ్చటనే చెల్లినది. కరీంనగర సీమనుండి, అనగా లింగంపేటకు తూర్పుననున్న ప్రాంతమునుండి, వచ్చిన స్త్రీ పలనాట మంత్రిణియైనదని ఐతిహ్యము. ఆమెయే యుద్ధకారణమని చెప్పుట మన విమర్శకు అలవాటైనది. ఈ తీర్పు పరీక్షకు నిలుచునా?

అనుగురాజు కుమారులైన నలగాముడు, మలిదేవుడు సవతిసోదరులు. దాయాదుల రాజ్యభాగమే కలహమునకు మూలము. కోడిపందెమునకు పూనిన నాగమ్మ యెంత బాధ్యురాలో, అంగీకరించిన బ్రహ్మనాయుడును అంత బాధ్యుడు. వనవాసానంతరము రాజ్యభాగము నిరాకరించినవాడు సింహాసనస్థుడైన నలగాముడు. రాయబారి అలరాజు విషప్రయోగమున మరణించుట నాగమ్మకు తీరని కళంకమే. ఆమెను నిర్దోషినిగా నిలుపుట నా యుద్దేశము కాదు. నా వాదమొక్కటే. ఒడిస్యూస్ కపటము నేర్పనిపించుకొన్నది. అనపోతును మోసపుచ్చి వెనుకకు మరల్చిన బాలచంద్రుని కపటము స్నేహమనిపించుకొన్నది. కొలువులోని స్త్రీ కపటము మాత్రము స్త్రీస్వభావమునకే దోషమైనది. ఒకే కార్యమునకు రెండు తూనికలు విమర్శకు తగవు.

వీరకావ్యము స్త్రీశక్తిని నిరాకరింపలేదు. అది పురుషుని చేతిమీదుగా నడచినపుడు శ్లాఘించినది. స్వయముగా కొలువెక్కినపుడు శంకించినది. ఆ శంక కవికాలమునాటిది. దానిని మనము చరిత్రనిర్ణయముగా గ్రహింపరాదు. నాగమ్మపాత్రను పరిశీలింపబూనిన శోధకవిద్యార్థి ముందుగా ముద్రితద్విపదను, గాయకుల మౌఖికకథను పక్కపక్కన నుంచుకొని, ఆమె చేసినదేదో, ఆమెపై మోపబడినదేదో వేరుపరుపవలెను. తీర్పు ఆ తరువాతిమాట.