వెనక వరుసలో కూర్చున్నవాడి కోసం రాసిన పద్యం

పద్యనాటకం మాట ఎత్తగానే మనకు నటులు గుర్తొస్తారు. స్థానం నరసింహారావు సత్యభామ, మాధవపెద్ది వెంకట్రామయ్య దుర్యోధనుడు, ఈలపాట రఘురామయ్య కృష్ణుడు అని వరసగా చెప్పుకుంటాం. ఆ తర్వాత రాగాల ముచ్చట వస్తుంది, హార్మోనియం వస్తుంది, వన్స్‌మోర్‌లు వస్తాయి. నాటకం పుస్తకం గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. సాహిత్య విమర్శకులు దాన్ని కావ్యం పక్కన పెట్టి తూచి, తేలిపోయిందన్నారు. సంగీతం తెలిసినవాళ్లు రాగానికి అదొక ఆసరా మాత్రమే అనుకున్నారు. ఈ రెండు కొలతలూ తప్పేనని నా అభిప్రాయం. పద్యనాటకం పుస్తకం అన్నిటికన్నా ముందు ఒక ప్రదర్శన కోసం తయారైన రాతప్రతి. తనను వినేవాడెవరో, ఎంత దూరంలో కూర్చున్నాడో, అతనికి ముందే ఏం తెలుసో లెక్క వేసుకుని రాసిన ప్రతి. ఆ లెక్క ఎంత పకడ్బందీగా ఉందో తెనాలి, బాపట్ల, రేపల్లెల మధ్య నేలను చూస్తే తెలుస్తుంది. పద్యనాటకాన్ని ఒక వైభవంగా నిలబెట్టినదీ, అక్కడినుంచి సినిమాకూ పత్రికకూ రచయితలను పంపినదీ ఈ నేలే.

మైకు రాని రోజులను తలచుకోండి. కాకుమాను లాంటి ఊళ్లో నూర్పిళ్లు అయ్యాక నాటకం వేస్తే ముందు చాపల మీద పిల్లలు, ఒక పక్క ఆడవాళ్లు, వెనక విప్పిన బండ్ల మీద పొరుగూళ్లనుంచి వచ్చిన జనం. పెట్రోమాక్స్ వెలుగు వేదిక దాటి ఎక్కువ దూరం పోదు. వెనక బండిమీదివాడికి నటుడి కిరీటం కనిపిస్తుంది కానీ కళ్లు కనిపించవు. అతనిది ఎక్కువగా చెవి నాటకం. పైగా కథ అందరికీ తెలిసిందే. కృష్ణ రాయబారం ఫలించదని పిల్లవాడికి కూడా తెలుసు. కాబట్టి ఆ ప్రేక్షకుడికి అందించాల్సింది తర్వాత ఏం జరుగుతుందన్నది కాదు, ఆ మాట ఎలా అన్నాడన్నది. దూరం పోయేకొద్దీ వచనంలో మాటలు జారిపోతాయి, జారినవాటిని పట్టుకోవడానికి ఆధారం ఉండదు. పద్యంలో అలా కాదు. ప్రాస ఏ అక్షరమో రెండో పాదానికే చెవికి తెలిసిపోతుంది, యతి దగ్గర ఏ వర్ణం రావాలో అలవాటైన చెవి ముందే ఎదురుచూస్తుంది. ఛందస్సు పేరు తెలియనివాడికి కూడా నడక తెలుసు. ఒక మాట గాలికి పోయినా పద్యమే దాన్ని పూడ్చుకుంటుంది. యతిప్రాసలను పండితుల ఆడంబరంగా చూసేవాళ్లు ఈ సంగతి ఆలోచించలేదు.

తిరుపతి వెంకటకవుల పాండవోద్యోగ విజయాలలో పడక సీను తీసుకుందాం. యుద్ధానికి సాయం అడగడానికి దుర్యోధనుడు ముందొచ్చి నిద్రపోతున్న కృష్ణుడి తలవైపు కూర్చుంటాడు, అర్జునుడు తర్వాత వచ్చి కాళ్లవైపు నిలబడతాడు. లేచిన కృష్ణుడు ఇద్దరినీ పలకరించాలి. దుర్యోధనుణ్ణి పలకరించే పద్యం శార్దూలం. ప్రబంధాల్లో రాజవర్ణనలకూ వీరానికీ వాడిన గంభీర వృత్తం. దాంట్లో కవులు పెట్టిన మాటలు మాత్రం ఇంటికొచ్చిన బావను ఎవరైనా అడిగేవే: ఎప్పుడొచ్చావు, అన్నదమ్ములు బాగున్నారా, బంధువులు క్షేమమా అని. నడక రాజసభది, మాట పెరటి అరుగుది. వృత్తం వినగానే ఇది పౌరాణికమని, పెద్దవాళ్ల వ్యవహారమని తెలిసిపోతుంది. బావ అన్న పిలుపు వినగానే ఇది తన ఇంటి తగాదా లాంటిదేనని పల్లెటూరి రైతుకు తడుతుంది. శైలి, ప్రక్రియ, ప్రేక్షకుడు అనే మూడు సంగతులూ ఒక్క పద్యంలో, ఏ వివరణా లేకుండా చెప్పేశారు. ఇంత పొదుపుగా ఈ పని చేసిన రచన మన భాషలో తక్కువ.

ఇందులో ఇంకా కొన్ని పనితనాలున్నాయి. పద్యానికి ముందొచ్చే వచనం చిన్నది. ఎవరు ఎవరితో ఎందుకు అంటున్నారో చెప్పి తప్పుకుంటుంది. పద్యం ఎత్తుకోగానే సంబోధన వస్తుంది, లేదా కాస్త తర్వాతైనా వస్తుంది. దాంతో వెనకవాడికి ఎదుటి పాత్ర ఎవరో తెలుస్తుంది. పాదం చివర అన్వయం మరీ చిక్కుపడకుండా చూస్తారు. చురకకూ ఎదురు జవాబుకూ కందం, వర్ణన సాగాలంటే సీసం, సవాలుకు మత్తేభమో శార్దూలమో. చాలా పాత అచ్చుప్రతుల్లో పద్యం పక్కన రాగం పేరు కూడా ఉంటుంది. అది చదివేవాడి కోసం వేసింది కాదు.

రాగమే నాటకాన్ని మింగేసిందన్న ఆరోపణ ఇక్కడే వస్తుంది. అది వట్టిది కాదు. కాంట్రాక్టు నాటకాల్లో ఒకే రాత్రి ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు, మూడో కృష్ణుడు అని ముగ్గురు దిగేవారు. పాత్ర ఒకటే, పోటీ గొంతులది. నాటకం పద్యాల కచేరీగా మారిన రాత్రులు లెక్కలేనన్ని. అయినా ఒక విషయం గమనించాలి. సాగదీత ఎక్కువగా పద్యం చివరి మాట దగ్గర జరిగేది. అప్పటికి అర్థం జనానికి చేరిపోయి ఉండేది. రచయిత తన పని ముగించుకున్నాకే గాయకుడు అందుకునేవాడు. మాటకు విలువ లేకపోతే జనం ఆలాపననే మళ్లీ అడిగేవారు. వాళ్లు వన్స్‌మోర్ అన్నది పద్యానికి. అక్షరం రానివాళ్లు కూడా వాటిని కంఠతా పట్టుకుని చేలగట్ల మీద పాడుకున్నారు.

పద్యం తనను తాను ఎంత గట్టిగా కాపాడుకుంటుందో చూడాలంటే రెండు నాటకాలను పక్కపక్కన పెట్టాలి. కాళ్లకూరి నారాయణరావు చింతామణిని వేశ్యాలోలత్వానికి వ్యతిరేకంగా, సంస్కరణ దృష్టితో రాశారు. దశాబ్దాల ప్రదర్శనల్లో సుబ్బిశెట్టి పాత్ర నోట నటులు ఎవరికి తోచిన మాట వాళ్లు చేర్చుకుంటూ పోయారు. ఆ పాత్ర చిత్రణ తమను కించపరుస్తోందని ఆర్యవైశ్యులు అభ్యంతరం చెప్పడంతో 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ నాటక ప్రదర్శనను నిషేధించింది. ఆ చేర్పులు ఎక్కువగా వచనంలోకే వచ్చాయి, కాళ్లకూరి పద్యాల్లోకి చొరబడటం అంత సులువు కాలేదు. వచనానికి కంచె లేదు.

రెండోది సత్యహరిశ్చంద్రీయం. బాపట్ల ప్రాంతంలోని ఇటికలపాడులో పుట్టిన బలిజేపల్లి లక్ష్మీకాంతకవి దాన్ని రాశారు. దాని కాటిసీనులోకి బయటి పద్యాలు వచ్చిన మాట నిజమే, కానీ అవి గుర్రం జాషువావి. ఆయన శ్మశానవాటి ఖండిక చదువుకోవడానికి రాసింది. అందులో మాట్లాడేది కవి. నాటకంలో అవే పద్యాలు కాటికాపరి హరిశ్చంద్రుడి నోటికి వచ్చాయి. సీసపద్యంలో జాషువా ఇక్కడే, ఈ చోటనే అని మళ్లీమళ్లీ చూపిస్తూ పోతారు. పుస్తకంలో అది పాఠకుడి ఊహకు చూపు. రంగస్థలం మీద అది నటుడి చెయ్యి. ఒక్క అక్షరం మార్చకుండా ఖండకావ్యం స్వగతమైపోయింది. రాజ్యం పోగొట్టుకుని వీరబాహుడి దగ్గర దాసుడిగా ఉన్నవాడు, చావు ముందు రాజూ పేదా ఒకటేనని అంటుంటే ఆ మాటకు ఖండికలో లేని బరువు వచ్చింది. అంటరానితనాన్ని అనుభవించిన కవి మాటలను జనం ఒక చక్రవర్తి మాటలుగా విని కన్నీళ్లు పెట్టుకున్నారు. ఇక్కడ కలిసినదీ, చింతామణిలో చెడినదీ రెండూ చేర్పులే. తేడా అంతా చేర్చిన మాట ఆ సన్నివేశం కోసం, ఆ వినేవాడి కోసం పనిచేసిందా లేదా అన్నదే.

ఇంతకన్నా గట్టి అభ్యంతరం ఇంకొకటుంది. మనుషులు పద్యాల్లో మాట్లాడుకోరు, కాబట్టి జనం నాటకం జనం మాటలోనే ఉండాలని. 1892లో విజయనగరంలో కన్యాశుల్కం మొదటిసారి ఆడినప్పటినుంచీ ఈ వాదానికి ఎదురులేని సాక్ష్యం ఉంది. గిరీశం గొప్పలు కందపద్యంలో ఇమడవు, మధురవాణి మాటల్లో దాగిన ఎత్తుపొడుపు శార్దూలంలో పలకదు. పద్యం చేయలేని పనులు చాలా ఉన్నాయి, ఒప్పుకోవాలి. కానీ ఆ సూక్ష్మత అందాలంటే ప్రేక్షకుడు దగ్గరగా ఉండాలి. వ్యావహారికం గెలిచింది భాష వల్ల మాత్రమే కాదు, దూరం తగ్గడం వల్ల కూడా. మైకు వచ్చింది, ఆ తర్వాత కెమెరా వచ్చింది.

ఈ దూరం సంగతి పట్టుకుంటే మాధ్యమాల కథ కూడా విడిపోతుంది. గ్రామఫోను రికార్డుకు ఒక వైపు మూడు మూడున్నర నిమిషాలు. చిన్న వచనం, దాని వెంట పద్యం, కాస్త రాగం సరిగ్గా అంతే పడుతుంది. నాటకాన్ని రికార్డుల సెట్లుగా కోయడం అంత సులువుగా జరిగిందంటే, అది ముందే అలాంటి తునకలుగా కట్టి ఉండటమే కారణం. 1948 డిసెంబరులో విజయవాడ ఆకాశవాణి కేంద్రం మొదలయ్యాక పద్యనాటకానికి రేడియోలో పెద్ద చిక్కు రాలేదు. వెనక బండి మీద కూర్చుని సగం చూసేవాడి కోసం రాసింది, అసలు చూడలేనివాడికి సరిపోవడంలో ఆశ్చర్యం ఏముంది? ప్రతి పద్యంలోనూ ఎదుటివాణ్ణి పిలిచే పద్ధతి ఉంది కనుక ఎవరు ఎవరితో అంటున్నారో శ్రోతకు తెలుస్తుంది. రేడియో కోసం కొత్తగా రాసేవాళ్లు కష్టపడి నేర్చుకున్నది కూడా ఈ విద్యే.

సినిమా దీనికి పూర్తిగా తిరగబడ్డది. కెమెరా ప్రేక్షకుణ్ణి మొదటి వరుస కన్నా ముందుకు, నటుడి కనురెప్ప దగ్గరికి తీసుకుపోయింది. అక్కడ గొంతెత్తి పాడితే అరుపు అవుతుంది. ఘంటసాల ఆలాపన తగ్గించి, మాటను స్పష్టంగా నిలిపి, సినిమా పద్యానికి వేరే కొలత కట్టారు. ముత్తరాజు సుబ్బారావు శ్రీకృష్ణ తులాభారం కోసం స్థానం తానే రాసుకున్న సత్యభామ పాట ఇంకో ఉదాహరణ. పల్లవి తిరిగి వచ్చినప్పుడల్లా ఆ గర్వాన్ని కొత్తగా చూపడానికి రంగస్థలం మీద వీలిచ్చిన పాట అది. 1966 సినిమాలో సుశీల గొంతుతో, జమున ముఖం మీద మళ్లీ నిలబడింది. ఒక మహానటుడు తన దేహం కోసం కట్టుకున్న పాటలో కెమెరాకు కావలసిన చోటు కూడా ఉంది.

కొత్త దూరానికి మాట మార్చుకోవడం ఈ ప్రాంతపు రచయితలకు బాగా తెలుసు. సత్యహరిశ్చంద్రీయం రాసిన బలిజేపల్లే 1939లో వై.వి.రావు మళ్లీ పెళ్లికి మాటలూ పాటలూ రాశారు. గోపీచంద్ తండ్రి, తెనాలి సూతాశ్రమానికి చెందిన త్రిపురనేని రామస్వామి చౌదరి పురాణాన్ని ప్రశ్నించడానికి పురాణపు రూపాన్నే పట్టుకుని శంబూకవధ నాటకం రాశారు. పౌరాణికం చూద్దామని వచ్చి కూర్చున్నవాడికే ఆ ప్రశ్న వేయాలని. కొడుకు గోపీచంద్ అదే 1939లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన రైతుబిడ్డకు సంభాషణలు రాశారు. బాపట్ల దగ్గరి అప్పికట్ల కొసరాజు దానికి పల్లెపదాల బాణీలో పాటలు రాశారు. తండ్రికొడుకులది ఒకే తిరుగుబాటు. వినేవాడు మారాడు కాబట్టి మాట మారింది.

తెనాలి చక్రపాణి ఇంకో అడుగు ముందుకు వేశారు. షావుకారులోనూ పెళ్లిచేసి చూడులోనూ మనుషులు ఉపన్యాసాలివ్వరు. పొరుగింటివాళ్లతో, పెళ్లివారితో మాట్లాడినట్టే మాట్లాడతారు, ఆ మాటల్లోంచే ఎవరి నైజం వారిది బయటపడుతుంది. పాత్ర చెప్పకుండా దాచుకున్నది ముఖం చెబుతుందని నమ్మిన రాత అది. 1947 జూలైలో మొదలైన చందమామ వెనక ఉన్నదీ ఆయనే. 1952 నుంచి 1980 వరకూ దాని సంపాదకత్వం చూసిన కొడవటిగంటి కుటుంబరావుదీ తెనాలే. నాటకాలు వృత్తాల్లో చెప్పిన భారత రామాయణాలనే చందమామ చిన్న వాక్యాల్లో, అలంకారం లేకుండా, కూడబలుక్కుని చదివే పిల్లల కోసం చెప్పింది. తిరుపతి వెంకటకవుల శైలికి ఇది పూర్తిగా ఎదురు. నాకు మాత్రం రెండూ ఒకే క్రమశిక్షణగా కనిపిస్తాయి. ఎవరికి చెబుతున్నామో ముందు తేల్చుకుని, దానికి పనికిరాని సొగసును వదిలేయడం.

ఆ క్రమశిక్షణ ఇప్పుడు బలహీనపడుతున్నదని నా దిగులు. ఆంధ్ర నాటక కళాపరిషత్తు 1929లో తెనాలిలోనే పుట్టింది. పరిషత్తు పోటీలు తెలుగు నాటికను బతికించాయి, అందులో సందేహం లేదు. కానీ గంట నిడివి, మారని సెట్టు, తక్కువ పాత్రలు అన్న నిబంధనల మధ్య రాసేవాడికి ప్రేక్షకుడంటే ముందు వరుసలో కాగితాలు పట్టుకున్న న్యాయనిర్ణేతలే అయ్యారు. అందుకే చాలా నాటికల్లో చివరి పది నిమిషాలు ఇతివృత్తం ఎంత గొప్పదో పాత్రలే విడమరచి చెబుతాయి. ఊరి జనానికి ఆ విడమరుపు అక్కర్లేదు. కాటిసీను చూసినవాడికి ఎవరూ సారాంశం చెప్పలేదు.

పద్యం ఇప్పుడు ఫోనులోకి వచ్చింది. రాయబారం సీను పద్యాలూ కాటిసీను పద్యాలూ తునకలుగా చేతులు మారుతున్నాయి. గ్రామఫోనుకు ఇమిడినట్టే ఫోనుకూ ఇమిడాయి, అందుకు సంతోషమే. అయితే కోసేవాళ్లు పద్యం ఎత్తుకున్న చోటినుంచి కోస్తున్నారు. ముందున్న రెండు వాక్యాల వచనం పోతోంది. దాంతో కృష్ణుడు ఎవరిని పలకరిస్తున్నాడో, హరిశ్చంద్రుడు ఏ స్థితిలో నిలబడి ఆ మాట అంటున్నాడో తెలియదు, గొంతు ఒక్కటే మిగులుతుంది. కొత్త శ్రోతకు కథ కూడా తెలియదు కాబట్టి ఆ వచనం పాతకాలం కన్నా ఇప్పుడే ఎక్కువ అవసరం. ఇరవై సెకన్లు ముందునుంచి కోస్తే చాలు.