లోవెల్ స్మారక శిల్పాలు: శ్రమ, నీరు, మౌనం

వ్యాససంగ్రహం
అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో మెర్రిమాక్ నది ఒడ్డున ఉన్న లోవెల్ నగరం నూలుమిల్లుల కోసమే నిర్మితమైంది. ఆ నగరంలోని మూడు బహిరంగ శిల్పాలు నదిని, శ్రమను ఏ విధంగా స్మరిస్తున్నాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. శ్రామికులకు రూపమివ్వడంలో ఈ శిల్పాలు సఫలమైనా, ఆ శ్రమను శాసించిన సంబంధాలను చెప్పడంలో వీటికి పరిమితులున్నాయని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: బహిరంగ శిల్పం, పారిశ్రామిక స్మృతి, శ్రామిక స్త్రీలు, లోవెల్, మెర్రిమాక్ నది.

ఉపోద్ఘాతం
పాటకెట్ జలపాతం వద్ద మెర్రిమాక్ నది దాదాపు 32 అడుగులు దిగుతుంది. ఈ పల్లమే లోవెల్ పుట్టుకకు మూలం. 1823లో ఇక్కడ తొలి మిల్లు వస్త్రోత్పత్తి ప్రారంభించింది. 1826లో పట్టణం ఏర్పడింది. ఇరవయ్యో శతాబ్దంలో మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. 1978లో జాతీయ చారిత్రక ఉద్యానం ఏర్పడిన తరువాత పాత మిల్లులు, కాలువల నడుమ శిల్పాలు వెలిశాయి. పట్టణం తన గతాన్నే జీవనాధారంగా మలచుకొంటున్న దశలో ఏ గతాన్ని ఎంచుకొన్నదనేది కేవలం సౌందర్యప్రశ్న కాదు.

నీరు: అలంకారమా, ఆస్తియా?
ఐవన్ ష్వార్ట్జ్, ఎలియట్ ష్వార్ట్జ్‌ల 'ది వర్కర్' (1985) కాలువలు తవ్విన ఐరిష్ కూలీల స్మారకం. కంచు శ్రామికమూర్తి, గ్రానైట్ శిల, పారే నీరు కలిసిన ఫౌంటెన్ ఇది. 1822లో హ్యూ కమిస్కీ వెంట ముప్పై మంది ఐరిష్ కూలీలు చార్లెస్‌టౌన్ నుండి ఇక్కడికి నడిచి వచ్చారు. యజమానుల పేర్లు వీధులకూ మిల్లులకూ నిలిచిన ఊరిలో మట్టి తవ్విన మనిషికి కంచు రూపం దక్కడం చిన్న విషయం కాదు.

అయితే ఈ శిల్పంలో నీరు అందరిదిగా, స్వేచ్ఛగా పారుతుంది. చరిత్రలో అది అట్లా పారలేదు. కాలువలు, లాకులు ఒక సంస్థ అధీనంలో ఉండేవి. మిల్లులకు నీటిశక్తిని కొలిచి, దానికి ధర కట్టేవారు. నది ఇక్కడ ప్రకృతి మాత్రమే కాదు, అద్దెకిచ్చే ఆస్తి కూడా. ఫౌంటెన్ శ్రమఫలాన్ని చూపుతుంది గాని ఆ ఫలం ఎవరి చేతికి చేరిందో చెప్పదు. ముప్పై మంది బృందం ఒక్క వీరమూర్తిగా కుదించబడడంతో కూలి, పోటీ, వివక్ష వంటి సామూహిక అనుభవాలు కూడా తెరమరుగయ్యాయి.

స్త్రీలు: మూర్తి నుండి మాటకు
మికో కాఫ్‌మన్ 'హోమేజ్ టు ఉమెన్' (1984) స్త్రీలకు అర్పించిన కంచు శిల్పం. దానిలో ఒకే ముద్దలోంచి పైకి లేస్తున్నట్లున్న స్త్రీమూర్తులు ఐక్యతను సూచిస్తాయి. కాని ఆ ఐక్యత దేని కోసమో, ఎవరికి ఎదురుగానో శిల్పంలో కానరాదు. మిల్లు స్త్రీలు 1834లో కూలి తగ్గింపుపై, 1836లో వసతిగృహాల ఖర్చు పెంపుపై పని మానివేశారు. 1845లో శారా బాగ్లీ నాయకత్వాన ఉన్న శ్రామిక స్త్రీల సంఘం పదిగంటల పనిదినం కోసం శాసనసభ ముందుకు వెళ్ళింది. అంతటి నిర్దిష్టమైన పోరాటం ఉదాత్తభంగిమగా మారినప్పుడు గౌరవం మిగిలి, వాదం జారిపోతుంది.

ఎలెన్ రోథెన్‌బర్గ్ 'ఇండస్ట్రీ, నాట్ సర్విట్యూడ్' (1996) ఆ లోటును గుర్తించిన రచన. మిల్లు స్త్రీల మాటలకే ఇందులో ప్రాధాన్యం. శీర్షికే ఒక వాదం: పని కావాలి, దాస్యం వద్దు. ఇక్కడ స్త్రీ చూడదగిన మూర్తి కాదు, వినవలసిన గొంతు. ఈ మూడింటిలో ఇదే చరిత్రకు దగ్గరగా నిలుస్తుంది.

'దాస్యం' అన్న మాట
అయితే ఆ శీర్షికలోని మాటే మరొక ప్రశ్నను లేవనెత్తుతుంది. మిల్లు స్త్రీలు తమ స్థితిని బానిసత్వంతో పోల్చుకొన్నారు. వారు నేసిన పత్తి మాత్రం దక్షిణాదిన నిజమైన బానిసలు ఏరినది. లోవెల్ మిల్లుల ముతకబట్ట తిరిగి బానిసల ఒంటిమీదికే చేరింది. ఆ బట్టను వారు 'లోవెల్' అనే పిలిచేవారు. ఊరిపేరు వారి దేహాలపై వస్త్రనామమై నిలిచింది. 'ది వర్కర్'లోని తవ్వే చేతులు, 'హోమేజ్ టు ఉమెన్'లోని పైకి లేచే దేహాలు ఈ గొలుసులోని చివరి కొసను తాకవు. లోవెల్‌లో బానిసత్వ వ్యతిరేకులు ఉన్నారన్నది నిజమే. అది ఈ బంధాన్ని చెరిపివేయదు.

ముగింపు
ఒక శిల్పం అన్నీ చెప్పలేదనే వాదం సహజం. కాని స్మారకశిల్పాన్ని అంచనా వేయడానికి 'ఎవరిని చూపింది?' అనే ప్రశ్న ఒక్కటే చాలదు. 'వారిని ఎవరితో కలిపి చూపింది?' అని కూడా అడగాలి. ఐరిష్ కూలీ, మిల్లు స్త్రీ, తోటలోని బానిస విడివిడి పాత్రలు కారు. ఒకే నూలుపోగు మూడు కొసలు. కాలువలోని నీరు మొదటి ఇద్దరినీ కలిపింది. మూడవ మనిషి దగ్గరికి దారి చూపేది పత్తి. మిల్లుల పట్టణాల స్మారకకళను పరిశోధించేవారు నది వెంట మాత్రమే కాక, ఆ పత్తి వెంట కూడా నడవవలసి ఉంటుంది.