మూత మీద చేసిన పని

ఇంట్లో బీరు కాచుకునే అమెరికావాళ్ల గ్యారేజీల్లో ఒక స్టెయిన్‌లెస్ స్టీలు పీపా తరచూ కనిపిస్తుంది. రెండడుగుల కంటే కాస్త ఎత్తు, సన్నటి ఒళ్లు, 5 గ్యాలన్ల కొలత. అంటే సుమారు 19 లీటర్లు. పైన కోలగా ఉండే మూత, దానికి అటూ ఇటూ రెండు ముక్కులు. కార్నీలియస్ కంపెనీ పేరును కుదించి దీన్ని కార్నీ కెగ్ అంటారు. ఇది బీరు కోసం పుట్టింది కాదు, హోటళ్లకు కూల్‌డ్రింకులు చేరవేయడానికి పుట్టింది. కూల్‌డ్రింకు కంపెనీలు సిరప్‌ను అట్టపెట్టెలో పెట్టిన ప్లాస్టిక్ సంచుల్లోకి మార్చుకున్నాక ఈ పీపాలు గుట్టలుగా పాత సామాన్ల బేరానికి వచ్చాయి. కొన్నవాళ్లు మొదట్లో తయారైన బీరు నిలవకు వాడుకున్నారు. తర్వాత కొందరికి ఇంకో ఆలోచన వచ్చింది: బీరు పులియడం కూడా ఇందులోనే ఎందుకు జరగకూడదు? ఆ ఆలోచన వెంట వచ్చిన చేతిపని గురించే ఈ వ్యాసం.

ముందు ఆ మూత గురించి చెప్పాలి. పీపా నోరు కోలగా ఉంటుంది. మూత కూడా కోలదే, నోటికంటే కొంచెం పెద్దది. దాన్ని వాల్చి లోపలికి దించి, తిప్పి, పైకి లాగి, పిడితో బిగిస్తారు. అంటే అది నోటి మీద కూర్చోదు, లోపలి నుంచి అంచుకు ఆనుకుంటుంది. లోపల వాయువు ఎంత ఒత్తితే మూత అంత గట్టిగా అతుక్కుంటుంది. పులిసే ద్రవం నుంచి కార్బన్ డయాక్సైడ్ పుడుతూనే ఉంటుంది కనుక ఆ పనికి ఇంతకంటే తగిన పాత్ర దొరకడం కష్టం. మూతకు ఒక రక్షణ వాల్వు కూడా ఉంటుంది. మంచి పనివాళ్లు దాని జోలికి పోరు.

అయినా ఉన్న పీపాను ఉన్నట్టు వాడితే ఇబ్బందులు వస్తాయి. ఉడికించిన తీపి బార్లీ రసాన్ని వర్ట్ అంటారు. అందులో ఈస్ట్ కలిపాక నురగ పొంగుతుంది. అందుకే 19 లీటర్ల పీపాలో 17 లీటర్ల కంటే ఎక్కువ పోయరు. వాయువు పోయే ముక్కులో చిన్న స్ప్రింగు వాల్వు ఉంటుంది. బీరు వాసన కోసం వేసే హాప్ పూల పిప్పి నురగతో పైకొచ్చి అందులో ఇరుక్కుంటే దారి మూసుకుపోతుంది. అందుకని మొదటి రోజుల్లో ఆ స్ప్రింగును తీసేసి, ముక్కుకు లావాటి గొట్టం తగిలించి, రెండో కొసను నీళ్ల సీసాలో ముంచుతారు. తీసేయడం కూడా పనితనమే.

రెండో ముక్కు నుంచి ఒక స్టీలు గొట్టం అడుగు దాకా దిగుతుంది. పులియడం ముగిశాక అడుగున చేరేది ఈస్ట్ మడ్డి. గొట్టం సరిగ్గా అక్కడే నోరు తెరుచుకుని ఉంటుంది. కాబట్టి రెండు మూడు సెంటీమీటర్లు కోస్తారు. వినడానికి చిన్న పనే. కానీ రంపంతో కోస్తే అంచు గరుకుగా మిగులుతుంది, ఆ గరుకులో పాత బీరు ఎండిపోతుంది, ఎండినచోట బాక్టీరియా ఇల్లు కట్టుకుంటుంది. తెలిసినవాళ్లు గొట్టాలు కోసే చక్రపు కట్టర్‌తో మెల్లగా తిప్పుతూ కోస్తారు. అది అంచును లోపలికి మడుస్తుంది కనుక ఆ మడతను సన్నటి ఆకురాయితో తీసి, వేలు పెట్టి తిప్పినా తగలనంత నునుపు చేస్తారు. ఈ మధ్య చాలామంది కోత జోలికే పోకుండా, స్టీలు బంతికి కట్టిన సిలికాన్ గొట్టం వేలాడదీస్తున్నారు. బంతి తేలుతూ, బీరు తగ్గేకొద్దీ దిగుతూ, ఎప్పుడూ పైనున్న తేటనే అందిస్తుంది. నాకు ఇదే నచ్చుతుంది. మడ్డి ఎంత మందంగా పేరుతుందో ముందే ఊహించి కొలత తీయనక్కర్లేదు.

అసలు పరీక్ష ఉష్ణోగ్రత దగ్గర. ఈస్ట్ జోరుగా పనిచేసే రోజుల్లో లోపలి ద్రవం గది కంటే కొన్ని డిగ్రీలు వేడిగా ఉంటుంది. గదిలో వేలాడదీసిన థర్మామీటర్ ఆ సంగతి చెప్పలేదు. సెన్సర్‌ను బీరు మధ్యలోకి, కానీ బీరు తగలకుండా దించాలి. అందుకు ఒక కొస మూసిన సన్నటి స్టీలు గొట్టాన్ని మూతలోంచి లోపలికి దించుతారు. ఇక్కడే మంచి పనివాడి వివేకం తెలుస్తుంది. కన్నం పీపాకు పెట్టడు, మూతకు పెడతాడు. చెడితే మూత మార్చుకోవచ్చు. ఒత్తిడి మోసే పీపా ఒంటికి కన్నం పడితే దాన్ని మళ్లీ నమ్మలేం.

స్టెయిన్‌లెస్‌కు కన్నం వేయడం ఓపికతో కూడిన పని. డ్రిల్లు వేగం పెంచి, ఒత్తిడి తగ్గించామంటే బిట్టు కోయకుండా రుద్దుకుంటుంది. రుద్దుకున్నచోట ఈ లోహం ఇంకా గట్టిపడి ఆ తర్వాత ఏ బిట్టుకూ లొంగదు. కోబాల్ట్ బిట్టు, నిదానమైన తిప్పుడు, తగ్గని ఒత్తిడి, చుక్కచుక్కగా నూనె కావాలి. రజను పొడిగా కాక చుట్టలుగా లేస్తుంటే పని సరిగ్గా సాగుతున్నట్టు.

తర్వాత అతుకు. నట్టు, వాషర్, ఓ-రింగ్‌తో బిగించడం తేలిక. అయితే ఓ-రింగ్ చుట్టూ సందు మిగులుతుంది. దాన్ని ప్రతిసారీ విప్పి కడగాలి. నిజమైన అతుకు కావాలనుకున్నవాళ్లు కన్నాన్ని ముందు చిన్నదిగా వేసి, కోసుగా ఉండే ఉక్కు అచ్చును దానిగుండా లాగుతారు. లోహం చిరగకుండా ఒక చిన్న కాలరులా పైకి లేస్తుంది. గొట్టం ఆ కాలరులో ఒదిగి కూర్చుంటుంది. అప్పుడు సీసం లేని, 96 పాళ్ల తగరం, 4 పాళ్ల వెండి కలిసిన టంకం పెడతారు. మంటను టంకానికి చూపించరు. వెనకవైపు నుంచి లోహాన్ని వేడి చేస్తే, టంకం తనంతట తానే కరిగి ఆ సన్నటి సందులోకి పాకి అటువైపు మెరుపు గీతలా కనిపిస్తుంది. వేడి ఎక్కువైతే, టంకం అంటడానికి ముందే పూసిన ఫ్లక్స్ మాడి నల్లబడుతుంది, ఇక టంకం అంటదు. చుట్టూ ఒకే మందంలో, బుడిపె లేకుండా తిరిగిన అతుకును చూస్తే కంసాలి పని చూసినట్టే ఉంటుంది.

ఇంకా ముందుకు పోయినవాళ్లు టిగ్ వెల్డింగ్ నేర్చుకుంటారు. అందులో పైనుంచి అందంగా కనిపించే అతుకుతో సరిపోదు. వెనకవైపు ఆర్గాన్ వాయువు నింపకపోతే లోపలి ముఖం గాలి తగిలి నల్లటి చక్కెర పలుకుల్లా పొడుచుకొస్తుంది. బీరు తగిలేది ఆ ముఖానికే. కాలిఫోర్నియాలోని చికో పట్టణంలో కెన్ గ్రాస్‌మన్ ఇలాంటి పనిలోంచే ఎదిగాడు. ఇంట్లో కాచుకునేవాళ్లకు సామాన్లు అమ్మే కొట్టు నడుపుతూ, వెల్డింగ్ నేర్చుకుని, పాల డెయిరీల నుంచి వచ్చిన పాత ట్యాంకులను బాగుచేసి సియెర్రా నెవాడా బ్రూవరీని నిలబెట్టాడు. 1980లో తొలి కాపు దిగింది. దానికి రెండేళ్ల ముందు, 1978 అక్టోబరులో, అప్పటి అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకంతో ఇంటి బీరుకు అమెరికా కేంద్ర చట్టపు అనుమతి వచ్చింది. ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్లు పరిమితి. రాష్ట్రాల చట్టాలు వేరు, అలబామా, మిసిసిపీ 2013 దాకా ఆగాయి. మన తెలుగు రాష్ట్రాల్లో లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు కాయడం నేరం. కనుక ఈ పని తెలిసిన తెలుగువాళ్లు ఎక్కువగా అమెరికాలో స్థిరపడ్డవాళ్లే.

అతుకు పూర్తయ్యాక లోపలి పని మొదలవుతుంది. స్టెయిన్‌లెస్‌ను తుప్పు నుంచి కాపాడేది దాని మీద ఉండే కంటికి కనిపించని క్రోమియం ఆక్సైడ్ పొర. వేడికీ రాపిడికీ ఆ పొర పోతుంది. అతుకు చుట్టూ పడిన నీలి, పసుపు మచ్చలను తోమి తీసి, సిట్రిక్ ఆమ్లంతో కడిగి గాలికి వదిలితే పొర మళ్లీ కట్టుకుంటుంది. మామూలు ఇనుప పీచుతో మాత్రం తోమకూడదు. అది వదిలిన రజను తుప్పుపట్టి, తుప్పు పట్టని పాత్రకు మచ్చ తెస్తుంది.

ఇంత శ్రమకూ ఫలం వాయువు దగ్గర కనిపిస్తుంది. పులిసిన బీరుకు గాలి శత్రువు. ఆక్సిజన్ తగిలితే హాప్ వాసన చచ్చి, తడి అట్ట రుచి వస్తుంది. మూతకో, ముక్కుకో అమర్చిన స్పండింగ్ వాల్వు, పక్కనే మీటరు, లోపలి ఒత్తిడిని మనం చెప్పిన అంకె దగ్గర ఆపుతాయి. మిగిలింది బయటికి వదులుతాయి. పులియడం చివరి దశలో ఈ వాల్వును బిగిస్తే బీరు తన వాయువును తానే కలుపుకుంటుంది. 20 డిగ్రీల దగ్గర మామూలు బీరు పొంగుకు 28 పీఎస్ఐ దాకా కావాలి, అదే 4 డిగ్రీలకు చల్లారితే 12 చాలు. మీటరు చదివేటప్పుడు ఈ తేడా గుర్తుండాలి.

అన్నిటికంటే నన్ను కట్టిపడేసే అమరిక ఇంకొకటి ఉంది. 17 లీటర్ల వర్ట్ పులిస్తే 300 లీటర్లకు పైగా వాయువు పుడుతుంది. దాన్ని గదిలోకి వదలకుండా, తర్వాత బీరు పోయబోయే ఖాళీ పీపాలోకి పొడవు గొట్టం గుండా అడుగుకు పంపుతారు. ఆ పీపాలోని గాలి పై ముక్కు నుంచి నీళ్ల సీసాలోకి పోతుంది. పులియడం ముగిసేసరికి రెండో పీపా దాదాపు గాలి లేకుండా సిద్ధంగా ఉంటుంది. సిలిండర్ కొనక్కర్లేదు. కావలసిందల్లా రెండు మూరల గొట్టం, రెండు బిగింపులు. అయితే ఇది మొదటి పీపా తలలో నురగకు చోటు వదిలినప్పుడే సాగుతుంది. పిసినారితనంతో అంచుదాకా నింపితే నురగ రెండో పీపాలోకి పాకుతుంది.

ఇప్పుడు ఇవన్నీ అమర్చిన పాత్రలు కొట్లో దొరుకుతున్నాయి. ఒత్తిడి తట్టుకునే పారదర్శకమైన ప్లాస్టిక్‌వి చవక, లోపల జరిగేదంతా కనిపిస్తుంది కూడా. కానీ ప్లాస్టిక్ గీరుకుంటుంది, వేడినీళ్లకు ఓర్చుకోదు. పాత పీపాకు పది డాలర్లలోపు రబ్బరు రింగులు మార్చి, 10 పీఎస్ఐ ఎక్కించి, ప్రతి అతుకు మీదా సబ్బునీళ్లు పూసి బుడగ లేవకపోతే, రాత్రంతా వదిలినా మీటరు ముల్లు కదలకపోతే, అది ఇంకో పాతికేళ్ల పనికి సిద్ధమైనట్టే.