ఉచ్చారణ నిఘంటువులోని గుర్తులు: ఒక విమర్శ

ఇంగ్లీషు మాటలను వ్రాయు తీరు వేరు, పలుకు తీరు వేరు. అందుచేత పాఠము ప్రక్కన తెలుగు లిపిలో ఉచ్చారణ వ్రాసికొనుట మన విద్యార్థులకు అలవాటు. కాని ‘బ్యాంకు’ అని వ్రాసినపుడు ఇంగ్లీషున లేని యకారము వచ్చి చేరుచున్నది. ద్రాక్షతీగకు ఒక మాట, ద్రాక్షసారాకు ఇంకొక మాట ఇంగ్లీషులో ఉన్నవి. మన లిపిలో రెండును ‘వైన్’ అయినవి. మొదటిదానిలో పై పళ్లు క్రింది పెదవిని తాకును. రెండవదానిలో పెదవులు గుండ్రమగును, పళ్లకు పని లేదు. ఇట్టి భేదములను చూపుటకే అంతర్జాతీయ ధ్వనిలిపి పుట్టినది. 1886లో పారిస్‌లో పాల్ పాసీ మొదలగు భాషోపాధ్యాయులు స్థాపించిన సంఘము దీనిని రూపొందించినది. లండన్ యూనివర్సిటీ కాలేజీకి చెందిన డేనియల్ జోన్స్ 1917లో వెలువరించిన ఉచ్చారణ నిఘంటువు ఈ గుర్తులకు ఎంతో వ్యాప్తి కలిగించినది.

ఈ మేలును కాదనలేము. అయినను ఆ నిఘంటువు పద్ధతిలో మనవారిని పెడదారి పట్టించు అంశములు రెండు కలవు.

మొదటిది అచ్చుల విషయము. ‘షిప్’, ‘షీప్’ అను మాటల అచ్చులకు జోన్స్ ఒకే అక్షరము వాడి, రెండవదానికి దీర్ఘచిహ్నము చేర్చెను. మన ‘ఇ’, ‘ఈ’లకు ముఖ్యభేదము నిడివియే గనుక, ఇదియు అట్టిదే యని మనము భ్రమింతుము. నిజమునకు ‘షిప్’లో నాలుక కొంచెము దిగి, నోటి నడిమివైపు జరుగును. కొట్టుట అను అర్థముగల ‘బీట్’లోని అచ్చు, పూస అను అర్థముగల ‘బీడ్’లోని అచ్చుకంటె చాల పొట్టిది, దాదాపు ‘బిడ్’లోని అచ్చంత మాత్రమే. కావున నిడివిని నమ్ముకొన్నవాడు మోసపోవును. 1977 నాటి 14వ కూర్పులో గిమ్సన్ ఈ రెండింటికి వేర్వేరు అక్షరములు పెట్టి లోపమును దిద్దెను.

రెండవది నేటికిని మిగిలియున్నది. ‘పిన్’, ‘స్పిన్’ మాటలలోని పకారమునకు నిఘంటువు ఒకే గుర్తు వేయును. పెదవుల ముందు సన్నని కాగితపు ముక్క పట్టుకొని ఇంగ్లీషువాడు ‘పిన్’ అనిన, అది కదలును. ‘స్పిన్’ అనిన దాదాపు కదలదు. మొదటి పకారము వెంట ఊపిరి బలముగా వెలువడును. మనము ఊపిరి లేక పలికిన ‘పిన్’ వారి చెవికి ‘బిన్’ అని తోచవచ్చును. ఈ ఊపిరి ఎక్కడ వచ్చునో వారికి పుట్టుకతో తెలియును గనుక నిఘంటుకారుడు దానిని గుర్తించడు. తెలియవలసినది మనకు.

ఇంతకు తేలునదేమన, నిఘంటువులోని గుర్తు మాటకు మాటకు గల భేదమును చెప్పును గాని, నోరు చేయవలసిన పనినంతటిని చెప్పదు. గుర్తులను కంఠస్థము చేయించి, పరీక్షలో వ్రాయించి మార్కులు వేసినంత మాత్రమున ఉచ్చారణ రాదు. ముందు జంటమాటలు వినిపించి భేదమును చెవికి పట్టించవలెను. పిదప నాలుక, పెదవులు, ఊపిరి ఎట్లుండవలెనో చేయించి చూపవలెను. ఆ తరువాతనే గుర్తు నేర్పవలెను. అప్పుడే ఉపాధ్యాయుడు దగ్గర లేనపుడు సైతము కొత్త మాటను సరిగా పలుకుటకు ఆ గుర్తు విద్యార్థికి తోడ్పడును.