గళ్ళనుడికట్టు: గుణదోష విచారము

పత్రికలలో వచ్చు గళ్ళనుడికట్టును ప్రొద్దుపుచ్చు వ్యాపారముగా మాత్రమే యెంచువారు పెక్కుమంది కలరు. మన పూర్వులట్లు తలపలేదు. పదునాఱు మేలి ప్రహేళికలను, పదునాలుగు దుష్టప్రహేళికలను పూర్వాచార్యులు నిర్దేశించిరని దండి కావ్యాదర్శమునందు చెప్పినాడు. చిక్కుముడియందును మంచిచెడ్డలు కలవనుటయే దీని భావము. ఆ విచారము నేటి నుడికట్టునకును చెల్లును.

1913 డిసెంబరు 21వ తేదీన ‘న్యూయార్క్ వరల్డ్’ పత్రికలో ఆర్థర్ విన్ వజ్రాకృతిలో నొక పదక్రీడను ప్రకటించెను. ఇంగ్లండులో నది శ్లేషప్రధానమైనది. తెలుగున శ్రీశ్రీ, ఆరుద్రల వంటి కవులే దీనికి పూనుకొనిరి.

మొదట ఆధారముల సంగతి. “దూడయు దాయాదియు కోరునది (2)” అన్నచో జవాబు ‘పాలు’. రెండర్థములును ఇంటింట నెఱిగినవే. దాచిన నేర్పు మాత్రమే కూర్పరిది. “కప్ప (2)” అని యిచ్చి ‘హరి’ యని జవాబు చెప్పుట వేఱు. అమరకోశము దీనికి సాక్ష్యమిచ్చును. కావున నిది తప్పుగాదు, కాని న్యాయమును గాదు. ఇట్టివి నిండిన పుట నిఘంటువు గల పండితునికే చెల్లును. చక్కని తెలుగెఱిగిన తల్లికిని బిడ్డకును అందు చోటుండదు.

ఇక గళ్ళ సంగతి. ఇంగ్లీషున నొక్కొక గడిలో నుండునది యిరువదియాఱు అక్షరములలో నొకటి. మనకన్ననో హల్లు, గుణింతము, ఒత్తు అన్నియు నొకే గడిలో నిముడవలెను. ‘స్త్రీ’ యన్నది యొక్క గడియే. అడ్డపదమున ‘క’యు నిలువుపదమున ‘కి’యు నున్నచో పొత్తు కుదరదు. కూర్పరికి శ్రమ హెచ్చు. పూరించువానికి మాత్రము కూడలి గడి యొక్కటి దొరకిన చాలు, పదము సగము తెలిసినట్లే. కావున కఠినపదమునకు సగము గళ్ళైనను ఇతరపదములతో కలియవలెను. పైన చెప్పిన ‘హరి’యు, ‘రి’ యను గడి వేఱొక సులభపదమువలన తేలునేని, క్షమింపదగినదే.

ఈ శ్రమకు జడిసియే కొందఱు పదమును త్రిప్పియో చెదరగొట్టియో గళ్ళలో క్రుక్కుచున్నారు. “తిరుగబడిన తీగయే శిరస్సు (2)” అనుట చమత్కారము. ‘లత’యు ‘తల’యు రెండును పదములే. ‘పుస్తకం’ కుదరక ‘కంస్తపు’ అని నింపించి, “తిరుగబడినది” యని యాధారమున వ్రాయుట చమత్కారము గాదు, అశక్తత. అంతకంటె నల్లగళ్ళు మఱికొన్ని చేర్చుట మేలు. తలక్రిందు చేసినను పటము మాఱకుండు సౌష్ఠవము కంటికింపే. కాని దానికై పదమును విఱువరాదు.

జవాబు చూచిన చదువరి “ఔరా! ఇది నాకు తెలిసినదే” యనవలెను. “ఇది నాకెట్లు తెలియును?” అనిపించినచో నోడినది చదువరి గాదు, కూర్పరియే.